మట్టి పెట్టిన గడపలు

పద్నాలుగో భాగం

అభ్యంతరాలు తీసుకునే గడువు ఆ రోజుతో ముగుస్తుంది. ఆషాఢమాసం, శుక్రవారం. చిత్తూరు నుంచి తిరుపతికి పోయే దారిలో, పూతలపట్టు దాటాక వచ్చే అగరంపేట రాబోయే ఇరవై ఏళ్ళలో ఎలా పెరగాలో చూపించే మాస్టర్ ప్లాను మునిసిపల్ ఆఫీసు హాలు గోడకు వేలాడుతూ అరవై రోజులైంది. సాయంత్రం ఐదు దాటాక ఎవరు ఏం రాసి ఇచ్చినా తీసుకోరు. ఆ నక్షా గీసినవాడు ధనంజయ. గీయడానికి ముందు ఇల్లిల్లూ తిరిగి సర్వే రాసినవాడూ అతనే. తొమ్మిదేళ్ళుగా తాత్కాలికంగానే నడుస్తున్న అతని ఉద్యోగాన్ని పర్మినెంటు చేసే ఆర్డరు తయారవుతోందని పోయిన వారమే తెలిసింది. మధ్యాహ్నం మూడు దాటాక కళాయి వీధి నుంచి పదిమంది వచ్చారు. పాత్రలకు కళాయి పూస్తూ ఆరు నెలలు ఊళ్ళు తిరిగి ముందురోజే ఇళ్ళు చేరినవాళ్ళు. వాళ్ళలో పెద్దది రంజాన్‌బీ నక్షా ముందు నిలబడి, "ఇందులో మా ఇండ్లు యాడుండాయి నాయనా?" అని అడిగింది.

ధనంజయ నక్షా దగ్గరికి వచ్చాడు.

"ఇది పసుపు," అన్నాడు. అరవై రోజులుగా వచ్చినవాళ్ళందరికీ చెప్పిన వరసలోనే మొదలుపెట్టాడు. "పసుపంటే ఇండ్లు. ఎరుపు అంగళ్ళు. నీలం నీళ్ళు. పచ్చ రంగు పార్కులు, తోటలు. కాలవ పక్కన ఈ కాఫీ రంగు..."

"కాఫీ రంగా?" అన్నాడు రంజాన్‌బీ పక్కన నిలబడ్డ నాయబ్ రసూల్. ఆమె పెద్ద కొడుకు. నలభై దాటినవాడు. కొలిమి సెగకు కనుబొమలు ఎప్పుడూ సగమే ఉంటాయి. "ఊరంతా పసుపు పూసి మా కాడికి వచ్చేసరికి కాఫీ వొలకబోసినారా సార్?"

వెనకున్నవాళ్ళు నవ్వారు. రసూల్ వాళ్ళ వైపు తిరిగాడు.

"ఆ మురిక్కాలవ సూడండి, నీలంగా ఉండాది. నలభై ఏండ్లుగా దాని పక్కనే ఉండా. నేనైతే ఒక్కపొద్దు గూడా నీలంగా సూడలే. కాలవకే అంత మంచి రంగు ఏసినారంటే మనకింకా మంచిదే ఏసుంటార్లే."

"కాఫీ రంగంటే తీసేయాల్సిన పాత కట్టడాలు," అన్నాడు ధనంజయ. "దాని మీద ఎర్ర గీతలు కనిపిస్తా ఉండాయి గదా. అది కొత్త బస్టాండు."

ఇక ఎవరూ నవ్వలేదు. రంజాన్‌బీ ఆ కాఫీ రంగు మీద వేలు పెట్టింది. వేలి కింద సరిగ్గా వీధి మొత్తం పట్టింది. అంగుళానికి నాలుగు వందల అడుగులు, అనుకున్నాడు ధనంజయ. ఆ లెక్క దానంతటదే మనసులోకి వచ్చింది. అలాంటివి ఎప్పుడూ వస్తూనే ఉంటాయి.

రసూల్ జేబులోంచి మడిచిన అర్జీ తీశాడు. మసీదు పక్క బడిలో అయ్యవారు రాసిచ్చింది. అటెండరు మునస్వామి దాన్ని అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సర్వే రిజిస్టరు నెంబరు ఎయ్యలేదే ఇందులో."

"అదేంది?"

"ప్రతి ఇంటికీ ఒక నెంబరు ఉంటాదప్పా. ఈ ఇంట్లో ఫలానావాళ్ళు ఉండారని సర్వేలో రాసుంటారు. ఆ నెంబరు ఉంటేనే ఆ ఇంటోళ్ళు అర్జీ పెట్టొచ్చు. లేకుంటే దోవన పోయేవాళ్ళంతా వచ్చి పెడతారు."

"మేము దోవన పోయేవాళ్ళమా?"

"నేనెందుకంటా? రూలు అంటాది."

"పన్ను రసీదు ఉంటే సరిపోతాది," అన్నాడు ధనంజయ. అడగకముందే అతనికి జవాబు తెలుసు.

"పన్నా?" రసూల్ తల్లి వైపు చూశాడు. ఆమె నక్షా నుంచి చూపు తిప్పకుండానే చెప్పింది.

"మా మామ వాళ్ళ తాతలు కార్వేటినగరం రాజావారి వంటశాల అండాలకు కళాయి పూసినోళ్ళు. ఆయప్ప ఈడ ఉండండి అని నోటితో సెప్పినాడు. ఉండాము. కాయితం ఆయప్ప ఇయ్యలే, మేమూ అడగలే. పన్నుకు కూడా ఎవురూ రాలే. వొచ్చుంటే కట్టుందుము."

"అయితే రిజిస్టరు తీస్తే తెలిసిపోతాది," అన్నాడు రసూల్. "అందులో రాసుంటారు గదా మేము ఉండామని. తియ్యండి సార్."

ధనంజయ బీరువా తెరిచి, నాలుగో వార్డు రిజిస్టరు తీసి బల్ల మీద పెట్టాడు. పేజీ వెతకాల్సిన పని లేకపోయింది. రసూల్ నాలుగో తరగతి దాకా చదువుకున్నాడు. వేలు పెట్టి పైకే చదవడం మొదలుపెట్టాడు.

"కళాయి వీధి. ఒకటి. శిథిలం, నివాసం లేదు. రెండు. శిథిలం, నివాసం లేదు. మూడు..." ఏడో వరస దాకా అలాగే చదివాడు. ఆ తర్వాత చదవడం మానేసి వేలు మాత్రం కిందికి జరుపుకుంటూ పోయాడు. పేజీ తిప్పాడు. ముప్పై ఎనిమిది దగ్గర వేలు ఆగింది. "దస్తూరీ బాగుండాది. ఒక్క కొట్టివేత కూడా లేదు. ఈ పక్కన తేదీలేంది?"

"తనిఖీలు," అన్నాడు మునస్వామి. "ఇంట్లో ఎవురూ లేకుంటే మూడు మాట్లు పోయి సూడాల. మూడు మాట్లూ లేకుంటేనే నివాసం లేదని రాయాల."

"మూడు మాట్లూ వొచ్చినారంట, సూడు అమ్మీ," అన్నాడు రసూల్. "ఎవురు రాసింది ఇది?"

"నేనే," అన్నాడు ధనంజయ.

ఆ మాట అన్నాక తనలో ఏదైనా కదులుతుందేమోనని ఒక క్షణం చూసుకున్నాడు. ఏమీ కదలలేదు. ఫ్యాను తిరుగుతోంది. నక్షా కింది అంచు గోడకు తగిలి, వెనక్కి వచ్చి, మళ్ళీ తగులుతోంది.

రంజాన్‌బీ అప్పుడు మొదటిసారి నక్షా వదిలి అతని ముఖం చూసింది. చాలాసేపు చూసింది. దగ్గరికి వచ్చి, కొలిమిలో పాత్ర రంగు తిరిగిందో లేదో చూసేవాళ్ళలా తల కొంచెం పక్కకు వంచింది.

"నువ్వు జ్ఞానాంబ కొడుకువి గదా," అంది. "ఇడ్లీల జ్ఞానాంబ."

"అవునత్తా."

అత్తా అన్న పిలుపు అతను ఉద్దేశించి అన్నది కాదు. ఇరవై ఏళ్ళకు పైగా వాడని మాట. నోట్లో అలాగే ఉండిపోయినట్టుంది.

"మా వీధి మొదట్లో మీయమ్మ పొయ్యి పెట్టుకోని ఉండె. నువ్వు నా ఇంటికి మట్టి తొక్కినావు గదరా. మేము పయనం పోయే పొద్దు నువ్వూ నా కొడుకూ కలిసి తొక్కితిరి. కాళ్ళు కడుక్కోకుండా పోయి మీయమ్మ సేత దెబ్బలు తింటివి."

నాయబ్ రసూల్ అతన్ని ఎగాదిగా చూశాడు. "ధనా?" అన్నాడు మెల్లగా.

ధనంజయకు ఆ మట్టి తెలుసు. మాఘం వస్తూనే పెళ్ళిళ్ళు, జాతరలు మొదలవుతాయి. కళాయి వీధి మొత్తం కొలిమి తిత్తులు, తగరం కడ్డీలు, పిల్లలు, మేకలతో సహా బయల్దేరుతుంది. ఊరూరా ఇత్తడి పాత్రలకు కళాయి పూస్తూ ఆషాఢం దాకా తిరుగుతారు. పోయే రోజు తాళాలు వేయరు. తాళం కనిపిస్తే లోపల ఏదో దాచారని దొంగకు తెలిసిపోతుందని వాళ్ళ నమ్మకం. తలుపు రెక్కలు ఊడదీసి లోపల పడుకోబెట్టి, గడప మీద నుంచి పైకమ్మీ దాకా మట్టీ గడ్డీ కలిపి గోడ పెట్టేస్తారు. బయటి నుంచి చూస్తే ఎప్పుడో పాడుబడిన కొంప. తిరిగొచ్చిన రోజు ఇంటి పెద్ద ఆడమనిషి ఆ గోడకు నీళ్ళు పోసి తడుపుతుంది. మట్టి నానాక మగవాళ్ళు పడగొడతారు. వీధి పిల్లలందరికీ బెల్లం పెడతారు. జ్ఞానాంబ కొడుక్కీ పెట్టేవాళ్ళు.

"సర్వేకు వొచ్చినప్పుడు మట్టి సూసినావా?" అంది రంజాన్‌బీ.

"సూసినా."

"సూసి, వీళ్ళంతా సచ్చిపోయినారనుకుంటివా?"

"లేదత్తా."

"ఊరు ఇడిసిపెట్టి పోయినారనుకుంటివా?"

"లేదు."

"మల్లొస్తామని తెలుసు గదా నీకు."

"తెలుసు."

"మరి?"

ధనంజయ రిజిస్టరు వైపు చూశాడు. ఆ 'మరి'కి జవాబు అందులో ఉండాలి. అతను ఏం చేసినా జవాబు ఎప్పుడూ ఏదో ఒక రిజిస్టరులో ఉంటుంది.

"ఎంత ఇచ్చినారు నీకు?" అన్నాడు రసూల్. గొంతు పెంచలేదు. "సెప్పు ధనా, సిగ్గెందుకు. బస్టాండు వొస్తే దాని ఎదురుగా లాడ్జి కడతామని ఎవురో ఒకరు వొచ్చుంటారు. అందరూ తీసుకుంటారు. నువ్వు తీసుకుంటే వొచ్చిందేముంది."

నిజంగా ఎవరైనా ఇచ్చి ఉంటే బాగుండేదని ధనంజయకు అనిపించింది. అది అందరికీ అర్థమయ్యే విషయం. తనకు కూడా.

"ఎవురూ ఇయ్యలేదు."

"ఇచ్చుండర్లే రసూలూ," అంది రంజాన్‌బీ. "దుడ్లు తీసుకున్నోని మొగం ఇట్ల ఉండదు. వాడు భయపడతాడు. ఈని మొగంలో ఏమీ లేదు."

ఆమె ఆ మాట తిట్టులా అనలేదు. పాత్రలో చిల్లి ఎక్కడుందో చూసి చెప్పినట్టు చెప్పింది. హాల్లో నేల మీద, నక్షాకు ఎదురుగా, కాళ్ళు చాపుకుని కూర్చుంది. మిగిలినవాళ్ళూ కూర్చున్నారు.

"ఐదు దాకా ఉంటాం," అంది.

*

మరి?

తన బల్ల దగ్గర కూర్చుని ధనంజయ ఆ రోజును గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. పదహారు నెలల కిందట, ఫాల్గుణంలో ఒక మధ్యాహ్నం. అతను కళాయి వీధిలోకి మలుపు తిరిగాడు. వీధిలో మనిషి లేడు. మొదటి ఇంటి గడప దగ్గర నిలబడి మట్టి గోడ మీద చేయి పెట్టాడు. వేడిగా ఉంది. అందులోని గడ్డిపోచ ఒకటి చేతికి గుచ్చుకుంది. లోపల నులకమంచాలు నిలబెట్టి ఉంటాయని తెలుసు. దూలానికి కట్టిన మూటల్లో గిన్నెలు ఉంటాయని తెలుసు. తర్వాత పుస్తకం తెరిచి శిథిలం అని రాశాడు.

తెలియడానికీ రాయడానికీ మధ్య ఏం జరిగింది? ఎంత వెతికినా అక్కడ ఏమీ దొరకలేదు. మనుషులున్న ఇంటికి నాలుగు పేజీల ఫారం నింపాలి. శిథిలానికి ఒక్క వరస చాలు. అదే కారణమా? అంత బద్ధకస్తుడు కాదు అతను. పక్క వీధిలో అరవై ఇళ్ళకు అరవై ఫారాలు నింపాడు. ఆ వీధి మీద కోపమా? బెల్లం పెట్టిన వీధి అది. అతనికి గుర్తున్నదల్లా ఒకటే. రెండో ఇంటి దగ్గర కూడా అదే మాట రాయడం సులభంగా ఉంది. మూడో ఇంటి దగ్గర ఇంకా సులభంగా ఉంది. పదో ఇంటికి వచ్చేసరికి కళ్ళెత్తి చూడాల్సిన అవసరం కూడా లేకపోయింది. తెలిసిన మనిషి ఒకడు, రాసే మనిషి ఒకడు పక్కపక్కనే నడుస్తూ వీధి చివరి దాకా వెళ్ళారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు.

నాలుగుంబావుకు గోవిందస్వామి లోపలికి పిలిపించాడు. టౌన్ ప్లానింగ్ సూపర్‌వైజరు. చిత్తూరుకు దక్షిణాన, అరవదేశం సరిహద్దులో పుట్టినవాడు. రెండేళ్ళ కిందటే ఈ ఊరికి బదిలీ మీద వచ్చాడు. వచ్చే ఏడు రిటైరవుతాడు.

"కూర్చోప్పా. వాళ్ళు అరుస్తా ఉండారా?"

"లేదు సార్. ఊరికే కూర్చోని ఉండారు."

"అరిచుంటే బాగుండు. అరిచేవాళ్ళు అలిసిపోయి ఇంటికి పోతారు." గోవిందస్వామి కళ్ళద్దాలు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నాడు. "మునస్వామి అంతా సెప్పినాడు. సూడు ధనంజయా, ఊరు పెరుగుతాది. దాన్ని నువ్వూ నేనూ ఆపలేము. పెరిగేది యాడికో ముందుగానే గీసిపెట్టేదే మన పని. తిరుపతి పోయే బస్సులు బజార్లో మూడు గంటలు నిలబడిపోతా ఉండాయి. పోయిన నెల ఒక గర్భిణీ స్త్రీ జట్కాలోనే కనేసింది, ఆస్పత్రికి దోవ లేక. బస్టాండు ఊరి బయటికి రావాల్సిందే. అది తప్పు కాదు."

"అవును సార్."

"ఇప్పుడు నీకు రెండు దార్లు ఉండాయి. ఐదు దాకా ఈడ నా ఎదురుగా కూర్చో. కాఫీ తెప్పిస్తా. ఐదు కొట్టినాక వాళ్ళ అర్జీ చెల్లదు. ప్లాను పైకి పోతాది, నీ ఆర్డరు కిందికి వస్తాది."

"రెండోది?"

"మూడుసార్లు పోలేదని నువ్వు రాసియ్యాల. సర్వే చేసినవాడే తప్పని ఒప్పుకుంటే అర్జీ తీసుకోక తప్పదు. వీధి మళ్ళీ సర్వే చెయ్యాల్సి వస్తాది. నీ ఆర్డరు అక్కడికి నిలిచిపోతాది. ఉద్యోగం కూడా పోవచ్చు. తాత్కాలికం గదా, మెమో ఇచ్చే పని కూడా లేదు."

ధనంజయ తల ఊపాడు. బల్ల అవతల గోవిందస్వామి కొంచెం ముందుకు వంగాడు. గొంతు తగ్గించాడు.

"అయితే ఒక మాట. ఆ నెల్లోనే గదప్పా నీకు బిడ్డ పోయింది."

"ఆ నెల్లోనే."

"ఎన్ని దినాలకు డ్యూటీకి వచ్చినావు?"

"పదకొండు."

"అది రాయి. బిడ్డ పోయిన దుఃఖంలో మనసు సరిగా లేక పొరపాటు జరిగిందని రాయి. ఎవురికైనా కరుణ ఉంటాది. కమిషనరు కూడా బిడ్డల తండ్రే. ఉద్యోగం నేను కాపాడతా."

మంచివాడు గోవిందస్వామి. ఆయన ఇచ్చింది పనికొచ్చే కారణం. ధనంజయ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తేదీలు సరిపోయాయి. మనుషులు నమ్ముతారు. తను కూడా కొన్నాళ్ళకు నమ్మేస్తాడు. కాని అది జరిగింది కాదు. బిడ్డ కుముద పోకముందు కూడా అతను ఇలాగే ఉన్నాడు. ఆస్పత్రి వరండాలో డాక్టరు వచ్చి బిడ్డ పోయిందని చెప్పినప్పుడు కూడా, పంకజాక్షి గోడకు ఆనుకుని అలాగే కిందికి జారిపోయినప్పుడు, వరండా వెడల్పు ఏడడుగులే ఉందనీ, రెండు మంచాలు ఎదురెదురుగా వస్తే పోవడానికి చాలదనీ అతను గమనించాడు. ఆ తర్వాత భార్యను లేపాడు. పదునాలుగు నెలల బిడ్డ ఆ పనికి కారణం కాదు. ఇప్పుడు ఆ బిడ్డను తెచ్చి ఫైలుకు జత చేయమంటే, ఏ మాత్రం కష్టం లేకుండా చేయగలడు. అంత సులభంగా చేయగలనని తెలిసినందుకే అతనికి కాగితం అడగాలనిపించింది.

"కాయితం ఇయ్యండి సార్."

నిలబడే రాశాడు.

'కళాయి వీధిలోని ముప్పై ఎనిమిది ఇళ్ళను నేను ఒక్కసారే చూశాను. రెండో, మూడో తనిఖీల తేదీలు ఆఫీసులో కూర్చుని వేశాను. ఆ ఇళ్ళ వాళ్ళు ఏటా పనికి పోతూ గడపలకు మట్టి పెడతారని, తిరిగి వస్తారని నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. తెలిసే శిథిలం అని రాశాను. కారణం లేదు.'

గోవిందస్వామి రెండుసార్లు చదివాడు.

"కారణం లేదంటే ఎవురు నమ్ముతారప్పా? అది కొట్టెయ్."

"నిజం సార్ అది."

"నిజమేలే. ఫైల్లో దానికి చోటు యాడుండాది?"

ధనంజయ కొట్టివేయలేదు. గోవిందస్వామి కాసేపు చూసి, పెదవి విరిచి, గంట కొట్టాడు. మునస్వామి ముద్ర తెచ్చాడు. ధనంజయ రాసిచ్చిన దాని మీద ఒకటి, రంజాన్‌బీ వేలిముద్ర వేసిన అర్జీ మీద ఒకటి పడ్డాయి. గోడ గడియారంలో ఐదుకు పన్నెండు నిమిషాలు తక్కువ.

హాల్లో రసీదు అందుకుని రంజాన్‌బీ చీర కొంగులో ముడి వేసుకుంది.

"దీంతో అయిపోయినట్టేనా?"

"లేదత్తా. మళ్ళీ సర్వే చేస్తారు. మీరు ఉండారని రాస్తారు. అది రాసినాక మిమ్మల్ని అడక్కుండా ఏమీ చేసేదానికి లేదు."

"నీకేమవుతాది?"

"ఉద్యోగం పోవచ్చు."

ఆమె కళ్ళల్లో జాలి కోసం ధనంజయ వెతకలేదు. అది లేదు కూడా.

"మీయమ్మ బతికుంటే ఈ పొద్దు నీకు అన్నం పెట్టదు," అంది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, రెండడుగులు వేసి ఆగింది. "రేపు పెడతాదిలే."

నాయబ్ రసూల్ అందరికంటే వెనక బయటికి నడిచాడు. గుమ్మం దగ్గర తిరిగి చూశాడు.

"ఒకసారి వొచ్చి సూసిపో ధనా. మా శిథిలాల్లో టీ కూడా కాస్తాము."

*

ఐదు కొట్టింది. మునస్వామి అభ్యంతరాల పెట్టెకు కాగితం అంటించి లక్క వేశాడు. ధనంజయ తన సామాను సర్దుకుంటుంటే గోవిందస్వామి గొంతు వినిపించింది.

"ఆర్డరు నిలిపేదాకా నువ్వు నా సర్వేయరువేప్పా. ఇట్ల రా."

బల్ల మీద ఇంకో నక్షా పరిచి ఉంది. పాతది, అంచులు చిరిగినది. ప్లాను తయారయ్యే మొదటి రోజుల్లో బస్టాండుకు చూసిన చోట్లన్నీ పెన్సిలుతో గుర్తు పెట్టిన నకలు.

"సోమవారం ప్లాను చిత్తూరికి పోవాల. కళాయి వీధి మీద గొడవ ఉండాదని రాస్తే, మరి బస్టాండు యాడ అని అడుగుతారు. రెండో చోటు సూపించకుంటే ప్లానంతా వెనక్కి కొడతారు." గోవిందస్వామి వేలు ఊరికి పడమర పక్కకు జరిగింది. "ఇది ఉండాది గదా, వంకొడ్డు. మూడెకరాల చిల్లర పోరంబోకు. నేను దోవ మీద నుంచే సూసినా. మనిషి లేడు, కొంప లేదు. అర్జీ పెట్టేదానికి ఒక్క పిట్ట కూడా లేదు. ముందే ఇది పెట్టుంటే ఈ గొడవే లేకపోవు."

ధనంజయ చూశాడు.

వంకొడ్డు గురించి గోవిందస్వామికి తెలియదు. బయటి ఊరివాడు. బిడ్డను ఎక్కడ పెట్టారని ఆయన అడగలేదు, ధనంజయ చెప్పలేదు. పెద్దవాళ్ళు పోతే అగరంపేటలో ఊరికి తూర్పున శ్మశానం ఉంది, సమాధులు ఉన్నాయి, రాళ్ళు ఉన్నాయి. పాలు తాగే పిల్లలు పోతే వంకొడ్డున పూడుస్తారు. రాయి పెట్టరు. నక్కలు తవ్వకుండా ఒక ముళ్ళకంప వేసి వస్తారు. ఒక వానాకాలం గడిస్తే నేల చదునైపోతుంది. ఏ నక్షాలోనూ దానికి రంగు లేదు. తను గీసిన దాంట్లో కూడా లేదు.

చెప్పాలి, అనుకున్నాడు. ఇప్పుడు చెప్పాలి. ఖాళీ కాదు సార్ అంటే సరిపోతుంది.

"ఎప్పుడు పోవాల సార్?" అన్నాడు.

"ఇప్పుడే పో. ఇంకా గంటన్నర వెలుతురు ఉండాది. చుట్టూ నడిచి, ఆడ ఏముండాదో రాసుకోని రా. ఏమీ లేకుంటే ఏమీ లేదని రాయి." గోవిందస్వామి అలసిపోయి నవ్వాడు. "ఈసారైనా మూడు మాట్లూ పో."

సర్వే పుస్తకం చంకలో పెట్టుకుని ధనంజయ సైకిలు ఎక్కాడు. బజారులో బస్సులు నిలిచిపోయి ఉన్నాయి. వాటి మధ్య దిగి నడిపించుకుంటూ వెళ్ళాడు. నూనె మిల్లు దాటాక బండ్ల బాట. ఆ బాట మీద అతను ఒక్కసారే నడిచాడు, పదహారు నెలల కిందట, చేతుల్లో బిడ్డతో. ఆ తర్వాత రాలేదు. రావాలనీ అనిపించలేదు, రాకూడదనీ అనిపించలేదు. పంకజాక్షి మాత్రం వస్తుంది. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం అన్నం వండిపెట్టి వెళ్తుంది. ఆడమనిషి అక్కడికి పోకూడదని వీధివాళ్ళు అన్నారు. అత్తింటివాళ్ళు అన్నారు. ధనంజయ ఏమీ అనలేదు. తోడు రమ్మని ఆమె అడగలేదు. శుక్రవారం సాయంత్రాల్లో ఆమె చీర అంచుకు పల్లేరుకాయలు అంటుకుని ఉండటం మాత్రం అతను చూసేవాడు.

ఈపాటికి ఇల్లు చేరి ఉంటుంది, అనుకున్నాడు.

వంక ఎండిపోయి ఉంది. సైకిలు గట్టుకు ఆనించి వంకలోకి దిగాడు. అవతలి ఒడ్డు ఎక్కితే మూడెకరాల చిల్లర నేల. తుమ్మ చెట్లు అక్కడక్కడా. పొడవు నాలుగు వందల యాభై అడుగులు ఉంటుంది. వెడల్పు మూడు వందలు. ఒకేసారి ఎనిమిది బస్సులు తిరగొచ్చు. పుస్తకం తెరిచి తేదీ వేశాడు. మొదటి తనిఖీ. 'ప్రస్తుత వినియోగం' అన్న గడి దగ్గర పెన్సిలు ఆగింది. ఆ గడిలో ఒక్క మాటకే చోటు ఉంది.

తల ఎత్తాడు. తుమ్మ చెట్టు నీడలో పంకజాక్షి కూర్చుని ఉంది.

ఆమె అప్పటికే అతన్ని చూసింది. లేవలేదు. ముఖం మీది కొంగు వెనక్కి తోసుకుంది. అలాంటి ముఖం ధనంజయ పదహారు నెలలుగా చూడలేదు. తను బిడ్డ కోసమే వచ్చాడని ఆమె అనుకుంటోందని అతనికి అర్థమైంది. నడిచాడు. ఆమెకు పది అడుగుల దూరంలో, ఎక్కడ ఆగాలో తెలియక, నేల కాస్త చదునుగా ఉన్న చోట ఆగాడు.

"ఆడ కాదు," అంది పంకజాక్షి. "ఆడ సుల్తాన్ వాళ్ళ బిడ్డ ఉండాది. పోయిన కార్తీకంలో పెట్టినారు. దాని పక్కన గంగులమ్మ మనవడు. ఇట్ల సుట్టుకోని రండి."

చుట్టుకుని వెళ్ళాడు. ఆమె పక్కకు జరిగి, తను కూర్చున్న చోటు అరచేత్తో తుడిచి అతనికి ఇచ్చింది. అతను కూర్చున్నాడు. ఆమె కుడిచేయి తన ముందున్న నేల మీద ఉంది. అక్కడ గుర్తు ఏమీ లేదు. ఆ చోటే అని ఆమె చేతికి తెలుసు.

"ఇన్నాళ్ళకు వొచ్చినారు," అంది.

ధనంజయ తల ఊపాడు. గాలికి పుస్తకం అట్ట తెరుచుకుంది. మూశాడు. మళ్ళీ తెరుచుకుంది. పంకజాక్షి చూపు అతని ముఖం మీద నుంచి జారి, ఒళ్ళోకి దిగి, తేదీ వేసిన పేజీ మీద ఆగింది.

"ఆ పుస్తకం ఎందుకు తెచ్చినారు?" అంది.